పన్నెండు సెకన్లు నావి

పోయిన బుధవారం లైబ్రరీలో ఒక కాగితం లామినేట్ చేయించుకున్నాను. యంత్రం వేడెక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రెండు ప్లాస్టిక్ పొరల మధ్య కాగితం అటువైపు నుంచి వెచ్చగా, కొంచెం వంగి బయటికి వస్తుంటే ఒక వాసన వస్తుంది. కాలీ కాలని ప్లాస్టిక్ వాసన. అది ముక్కుకు తగలగానే నా కుడి బొటనవేలు, స్టాప్‌వాచ్ మీట నొక్కుతున్నట్టు, దానంతట అదే వంగింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి "ఆర్ యూ ఓకే, సర్?" అంది. బాగానే ఉన్నానన్నాను. నిజానికి ఆ క్షణం భయం వేసింది. ఏడేళ్ల క్రితం వరకు, అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో ప్రతి గురువారం మధ్యాహ్నం, ఒక హైస్కూల్ ఆఫీసు గదిలో ఇదే వాసన మధ్య కోచ్ డన్‌లీ పక్కన నిలబడేవాడిని.

అప్పట్లో నేను నోవై అనే ఊళ్లో కార్ల విడిభాగాల గోదాములో స్టాకు లెక్కలు చూసేవాడిని. నా డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. సగటులు, సంభావ్యత లాంటివన్నీ లైబ్రరీ పుస్తకాలు ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నవే. మేమున్న చిన్న ఊరి హైస్కూల్ బ్యాండులో మా అమ్మాయి ట్రంపెట్ వాయించేది. దాని కోసం నేనూ నా భార్య పద్మా ఆటలకి వెళ్లేవాళ్లం. ఆట నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. ఇరవై రెండు మంది నాలుగైదు సెకన్లు ఒకరి మీద ఒకరు పడతారు, ఆ తరువాత అర నిమిషం పైగా లేచి, దులుపుకుని, నిలబడతారు. అర్థం కానిదాన్ని లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. ఒక నోట్‌బుక్కు, స్టాప్‌వాచీ తీసుకెళ్లి కొలవడం మొదలుపెట్టాను. మూడో ఆట అయ్యాక, పొడుగ్గా, ఎడమ భుజం కిందికి జారినట్టుండే ఒక పెద్దాయన మెట్లెక్కి నా దగ్గరికి వచ్చాడు. ఆయనే కోచ్ డన్‌లీ. మాట్లాడేది ఇంగ్లీషే. నాకు గుర్తున్నంత వరకు తెలుగులో రాస్తున్నాను.

"ఏం రాస్తున్నావు? అవతలి టీమ్ గూఢచారివా?"

"కాదు సర్. మా అమ్మాయి బ్యాండ్‌లో ఉంది. ఈ ఆటలో ఆడటం కన్నా ఆగడం ఎక్కువగా ఉంది. అందుకని ఆగడాన్ని కొలుస్తున్నాను."

ఆయన నోట్‌బుక్కు తీసుకుని రెండు పేజీలు చదివాడు. "ఈ మాట అనేవాడి కోసం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ప్రొఫెసర్" అన్నాడు. అప్పటి నుంచి ఆ స్కూల్లో నేను ప్రొఫెసర్‌నే. ఇంట్లో పద్మ మాత్రం "డిగ్రీ లేని ప్రొఫెసర్ గారూ, చెత్త డబ్బా బయట పెట్టారా?" అనేది.

డన్‌లీ ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్. బంతిని ముందుగా అందుకుని, దాన్ని ఎవరికివ్వాలో, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునేవాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఒహాయోలో ఒక చిన్న కాలేజీకి నాలుగేళ్లు ఆడాడు. తరువాత పెద్దగా పేరు లేని ఒక ప్రొఫెషనల్ లీగ్‌లో రెండు సీజన్లు ఆడి, మూడో సీజన్ నాలుగో ఆటలో ఆగిపోయాడు. అప్పటికి ఇరవై ఆరేళ్లు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, ఒక గురువారం, లామినేటింగ్ యంత్రం వేడెక్కేలోపు. ఒక ప్లే, అంటే ఆ నాలుగైదు సెకన్ల ఆట, ముగిశాక తరువాతి ప్లే మొదలుపెట్టడానికి ఇప్పుడు నలభై సెకన్ల గడువు. ఆ గడువులోనే కోచ్ తన చేతిలోని లామినేట్ చేసిన ప్లేల పట్టిక చూసి ఒక నంబర్ పంపాలి. క్వార్టర్‌బ్యాక్ మణికట్టు మీది చిన్న పట్టీలో ఆ నంబర్ ఏమిటో చూసుకుని, జట్టుకు చెప్పి, ముందుకు నడిచి, ఎదుటివాళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో చూసుకోవాలి. "ఆ రోజు మా కోచ్ పట్టిక తిరగేస్తూ ఉండిపోయాడు" అన్నాడు డన్‌లీ. "నంబర్ వచ్చేసరికి గడువులో తొమ్మిది సెకన్లు మిగిలాయి. నేను ఎడమవైపు చూడలేదు. చూసే టైమ్ లేదు. వాడు అటునుంచే వచ్చాడు." కాసేపు యంత్రంలో ఎర్ర దీపం వైపు చూసి, "పన్నెండు సెకన్లు నావి, ప్రొఫెసర్. మిగతా ఇరవై ఎనిమిదీ పిల్లాడివి. నేను పదమూడు తీసుకుంటే, వాడి కళ్ల నుంచి ఒకటి దొంగిలించినట్టే. నువ్వు పైనుంచి నన్ను కొలవాలి. వాణ్ణి కాదు, నన్ను" అన్నాడు.

అలా ఆట మైదానం పైనున్న చెక్క గదిలో నాకొక కుర్చీ, హెడ్‌సెట్టూ దొరికాయి. విజిల్ వినగానే నొక్కడం, కోచ్ నోట నంబర్ రాగానే మళ్లీ నొక్కడం. సగం ఆట అయ్యాక కాగితం ఆయన చేతికి ఇవ్వడం. మొదటి సీజన్ సగటు పది పాయింట్ నాలుగు. ఒకసారి పన్నెండున్నర వస్తే, సోమవారం ప్రాక్టీసులో పిల్లల ముందు తనే మైదానం చుట్టూ పరిగెత్తాడు. "కోచ్, ఇంకో రౌండ్!" అని పిల్లలు అరుస్తుంటే, "మీ అమ్మలకి చెప్తా!" అని రొప్పుతూ అరిచాడు. ఒక మనిషి తన మీద తనే కాపలా పెట్టుకోవడం, ఆ కాపలావాడి మాటకు ఎదురు చెప్పకపోవడం అంతకుముందు నేను చూడలేదు. మా గోదాములో తక్కువ వచ్చిన లెక్కకు ప్రతివాడూ ఇంకొకడి పేరు చెప్పేవాడు.

ఐదో సీజన్‌కి మా వాళ్ల అబ్బాయే క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. కార్తీక్, మా వీధిలోనే ఉండే సుజాత కొడుకు. సుజాత ఆస్పత్రిలో ఫిజికల్ థెరపిస్ట్. ఆటల్లో విరిగిన ఎముకలు ఆవిడకి రోజూ కనిపించేవే. అందుకే ఫారం మీద సంతకం పెట్టే ముందు మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, వాడు టెన్నిస్ ఆడితే ఏం పోయింది? తలకి దెబ్బ తగిలితే నేనేం చెయ్యాలి?" అంది. నేను పన్నెండు సెకన్ల సంగతి చెప్పాను. నాలుగు సీజన్ల కాగితాలు చూపించాను. ఆవిడ ప్రతి పేజీ చూసింది. "సరే. పైన మీరు చూస్తున్నారు కాబట్టి సైన్ చేస్తున్నా. నంబర్ తేడా వస్తే ఫస్ట్ నాకు చెప్పండి" అంది. తప్పకుండా చెప్తానన్నాను. కార్తీక్ వెనక నుంచి "చిల్, మామ్. అంకుల్ హాస్ ఎ క్లాక్" అన్నాడు.

సెప్టెంబర్ రెండో ఆటలో మొదటిసారి పదమూడు వచ్చింది. తరువాతి ప్లేకి పదిహేను. హెడ్‌సెట్‌లో డన్‌లీ ఊపిరి వినిపిస్తోంది, నంబర్ వినిపించడం లేదు. కిటికీలోంచి చూస్తే ఆయన వేలు పట్టిక మీద కిందికి జారి, మళ్లీ పైకి వెళ్లి, మొదటి వరుస దగ్గర ఆగింది. సగం ఆట అయ్యాక కాగితం ఇచ్చేముందు నేను చేసిన పని ఇప్పటికీ నాకు గుర్తుంది. నా బొటనవేలు ఆలస్యంగా నొక్కి ఉంటుంది అనుకున్నాను. కొలతలో లోపం ఉంటుంది, దాన్ని తీసెయ్యాలి అని నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది. ప్రతి అంకెలోంచీ రెండు సెకన్లు తీసేశాను. నా బొటనవేలి ఆలస్యం పావు సెకనుకు మించదని నాకు తెలుసు. మొదటి సీజన్‌లోనే రెండు వందల సార్లు పరీక్షించుకున్నాను. అయినా తీసేశాను. అక్టోబర్‌కి మూడు తీసేస్తున్నాను. అసలు అంకెలు మాత్రం నా జేబులోని చిన్న నోట్‌బుక్కులో రాసుకునేవాడిని. అబద్ధం చెప్పేటప్పుడు కూడా లెక్క పోకూడదనుకునే మనిషిని. డన్‌లీ కాగితం చూసి, "పన్నెండు లోపే. ముసలాడు ఇంకా పనికొస్తాడు" అని నా భుజం తట్టేవాడు. ఆ చెయ్యి బరువుకు నాకు నిద్ర పట్టేది కాదు. సుజాత కారు వీధిలో ఎదురైతే ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకునేవాడిని.

సీజన్‌లో చివరి నుంచి రెండో ఆట శనివారం మధ్యాహ్నం. మూడో క్వార్టర్‌కే మా టైమ్‌అవుట్‌లన్నీ, అంటే గడువు ఆపించుకునే అవకాశాలన్నీ, అయిపోయాయి. పట్టిక వెతుక్కోవడానికి టైమ్ చాలక డన్‌లీయే వాడేశాడు. విజిల్ మోగింది, నేను నొక్కాను. హెడ్‌సెట్‌లో "ఇరవై ఆరు... కాదు... ఆగు" అన్నాడు. పద్నాలుగు సెకన్లు. కార్తీక్ మైదానం మధ్యలో నిలబడి, రెండు అరచేతులూ చాచి, కోచ్ వైపు చూస్తున్నాడు. ఇరవై రెండు. "కోచ్?" అన్నాడెవరో. కిటికీ అద్దం మీద కొట్టాలని ఉంది, చెయ్యి లేవలేదు. నంబర్ వచ్చేసరికి ముప్పై ఒకటి. కార్తీక్ జట్టుకు చెబుతూనే ముందుకు పరిగెత్తాడు. ఎడమవైపు చూడలేదు. వాడు చూడలేదని, ఎందుకు చూడలేదో ఆ మైదానంలో నాకు తెలుసు. ఆ దెబ్బ చప్పుడు అద్దం ఇవతలికి కూడా వినిపించింది. స్టాప్‌వాచ్‌ని మళ్లీ ఎప్పుడు నొక్కానో తెలియదు, కానీ అది పరిగెడుతోంది. నిమిషం నలభై ఎనిమిది సెకన్లకి వాడి కుడి కాలు కదిలింది. అంతసేపూ నేను దేవుణ్ణి తలుచుకోలేదు. అంకెలే చూశాను.

కాలర్‌బోన్ విరిగింది, తల అదిరింది. ఆరు వారాలకి కోలుకుంటాడన్నారు. కోలుకున్నాడు కూడా. కానీ సోమవారం డన్‌లీ ఆఫీసుకు వెళ్లేటప్పటికి అదేదీ నాకు ధైర్యం ఇవ్వలేదు. ఆయన బల్ల మీద టోపీ బోర్లించి పెట్టి ఉంది.

"ఆ ప్లేకి ఎంత?" అని అడిగాడు.

"ముప్పై ఒకటి."

"తొమ్మిది మిగిలాయి" అన్నాడు మెల్లగా. తరువాత, "అంతకు ముందు ప్లేలకి?"

నేను జేబులోంచి చిన్న నోట్‌బుక్కు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన సెప్టెంబర్ నుంచి ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివాడు. నేనిచ్చిన కాగితాలు పక్కనే ఉన్నాయి. రెండూ కలిపి చూశాడు. నేను కూర్చోలేదు.

"ఎందుకు?"

"నా బొటనవేలు ఆలస్యమైందని సర్దిచెప్పుకున్నాను. మిమ్మల్ని తీసేస్తారని భయపడ్డాను."

"నేనూ దానికే భయపడ్డాను" అన్నాడు. "అందుకే కదా నీ చేతికి గడియారం ఇచ్చింది. భయపడేవాడు తనని తాను కొలుచుకోలేడు, ప్రొఫెసర్. ఇద్దరం భయపడితే వాణ్ణి ఎవరు చూడాలి?" టోపీని నా వైపు తిప్పాడు. లోపలి అంచు చుట్టూ నల్ల మార్కర్‌తో పదకొండు పేర్లు, ఆట మొదలుపెట్టే పదకొండు మందివి. కార్తీక్ పేరు కింద రెండు గీతలు. "ఆగస్టు నుంచి" అన్నాడు. నేను అంకెలు దాచాను, ఆయన పేర్లు దాచాడు. ఒకరికొకరం చాలా మర్యాదగా అబద్ధం చెప్పుకున్నాం.

"వాచ్ తియ్యి. టోపీ చూడకుండా పదకొండు పేర్లూ చెప్తాను. ఈసారి నీ బొటనవేలిని లెక్కలోకి తేవద్దు."

ఏడు పేర్లు చెప్పాడు. ఎనిమిదోది నోటి దాకా వచ్చినట్టే వచ్చింది. కిటికీలోంచి మైదానం వైపు చూశాడు, అక్కడ ఎవరూ లేరు. నలభై సెకన్ల దగ్గర నేను ఆపాను. "రాసుకో" అన్నాడు. రాశాను. ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గదికి ఇద్దరం వెళ్లాం, నోట్‌బుక్కు డన్‌లీయే పట్టుకున్నాడు. చివరి ఆటలో పట్టిక అసిస్టెంట్ చేతిలో ఉంది. డన్‌లీ మైదానం అంచు గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సుజాత ఇంటికి మాత్రం నేను ఒక్కణ్ణే వెళ్లాను. తలుపు దగ్గరే అంతా చెప్పాను. ఆవిడ అరవలేదు. "రోజూ ఎదురుగానే కనిపించారు అన్నయ్యా. ఒక్క మాట చెప్పుంటే ఆపేసేదాన్ని కదా" అంది. లోపలి నుంచి కార్తీక్ "మామ్, ఇట్స్ ఓకే, అంకుల్ ఫీల్ అవుతున్నాడు" అన్నాడు. ఆవిడ వెనక్కి చూడకుండానే, "నువ్వు మాట్లాడకు" అంది. ఆ తరువాత చాలాకాలం మా ఇంటికి రాలేదు. ఇప్పుడు వస్తుంది, కానీ నేను ఏదైనా ఒక అంకె చెబితే, మళ్లీ తనే చూసుకుంటుంది. అది న్యాయమే.

డన్‌లీ మరో నాలుగేళ్లు బతికాడు. ఆఖర్లో నా పేరు గుర్తు లేదు, ప్రొఫెసర్ అనే మాటా గుర్తు లేదు. అయినా జేబులో స్టాప్‌వాచ్ టక్కుమంటే తల తిప్పి "ఎంత?" అనేవాడు. ఎంతుంటే అంత చెప్పేవాడిని.

నాకిప్పుడు యాభై ఆరు. పోయిన వేసవిలో మా మేనేజర్ పేరు నాకు లిఫ్ట్ దిగేదాకా గుర్తు రాలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఆ టీమ్‌లోని పదకొండు పేర్లు చెప్పుకుంటాను. వాచ్ నేను పట్టుకోను, పద్మ పట్టుకుంటుంది. ఎన్ని సెకన్లు పట్టిందో వారం వారం మార్కర్‌తో రాసే పట్టికనే లైబ్రరీలో లామినేట్ చేయించాను. ఫ్రిజ్ తలుపు మీద, అందరికీ కనిపించేలా అంటించాం. జూన్‌లో పదకొండు సెకన్లు. నిన్న పద్నాలుగు. పద్మ వాచ్ వైపు, నా వైపు చూసి, "నేను లేటుగా నొక్కానేమోనండీ, పన్నెండు వేసుకుందామా?" అంది.

"పద్నాలుగే రాయి" అన్నాను. ఆమె మార్కర్ మూత తీసి పద్నాలుగు రాసింది.