ఉసిరిచెట్టు కింద నా చోటు

కార్తీకమాసంలో ఒక ఆదివారం నడక మాకు ఏళ్ళనాటి అలవాటు. కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురు ఆడవాళ్ళం. కడియం దాటాక ఆటో దిగి, కాలవ గట్టు పట్టుకుని నడిచి, మాలో ఒకావిడ కొబ్బరితోటకు చేరతాం. అక్కడ ఉసిరిచెట్టు కింద చాప పరిచి, తెచ్చుకున్నవి పంచుకుని తింటాం. పులిహోర నాది. గారెలు టీచరమ్మవి, పూర్ణాలు బ్యాంకావిడవి. తోటావిడ అరిటాకులు కోసి ఉంచుతుంది.

మొన్నటి కార్తీకంలోనూ పెందలాడే లేచి పులిహోర కలిపాను. ఆటో దిగాక చూస్తే నాతో వచ్చిన ఇద్దరి చేతులూ ఖాళీ.

"మీ క్యారేజీలేవే?" అన్నాను.

"అక్కడ అన్నీ ఉంటాయిలే, పద" అంది టీచరమ్మ.

తోటావిడే అందరికీ వండుతోంది కాబోలు, పాపం ఎంత శ్రమ అనుకున్నాను. నా తెలివి అలా ఏడిసింది.

నడక మాత్రం బాగుంది. వరి కంకులు బరువుకి వంగి ఉన్నాయి. గడ్డి మీది మంచుకి కుచ్చిళ్ళు తడిశాయి. మా పాత లెక్చరరు పాఠం చెప్పే తీరు నేను అనుకరించి చూపిస్తే ఇద్దరూ నవ్వారు గానీ, మధ్యమధ్య ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. క్యారేజీ బరువుకి నేను చేతులు మార్చుకుంటుంటే, ప్రతి ఏడాదీ "ఇటివ్వవే" అని లాక్కునే బ్యాంకావిడ ఈసారి చూడనట్టే నడిచింది.

తోట గేటు దగ్గర షామియానా, మైకు, పెద్ద ఫ్లెక్సీ. కార్తీక వనసమారాధన అని రాసి, దాని పైన వాళ్ళ కులం పేరు. ఆ ముగ్గురిదీ ఒకటే కులం, నాది వేరు. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఇన్నేళ్ళలో దానితో మాకు పని పడలేదు.

"మీకు ముందే తెలుసా?" అన్నాను.

"చెబితే నువ్వు రావని చెప్పలేదు" అంది బ్యాంకావిడ. "ఒక్క పూటకేగా, ఎవరూ ఏమీ అనుకోరులే."

తోటావిడ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ ఆప్యాయంగానే పలకరించారు. "రామ్మా, కూర్చో. మీ ఇంటిపేరేంటమ్మా?"

మా వైపు కులం ఏమిటని మొహం మీద అడగరు. ముందు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత ఏ ఊరంటారు. ఆపైన మనం చెప్పుకోవలసింది ఏమీ మిగలదు.

నేను నోరు తెరిచేలోగా తోటావిడ అందుకుంది. "మా ఇంటిపేరేనండి. మా చుట్టాలావిడే, రాజమండ్రిలో ఉంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని పక్కకి లాగాను. "ఫ్రెండునని చెప్పొచ్చుగా?"

"అలా చెబితే మళ్ళీ సవాలక్ష ప్రశ్నలు. నీ మంచికే చెప్పానే."

నా మంచికేనట! గేటు బయటే ఆపేసి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. నాకంటూ ఒక ఇంటిపేరు ఉంది. దాన్ని తీసి పక్కన పడేస్తే తప్ప నాకు విస్తరి వేయించలేని స్నేహం ఏం స్నేహం? టీచరమ్మ నేలచూపులు చూస్తూ నిలబడింది.

వడ్డన మొదలుకాకముందే బయటికి వచ్చేశాను. ముగ్గురిలో ఒక్కళ్ళయినా నాతో వచ్చేస్తారేమోనని, గేటు దగ్గర చెప్పులు వేసుకోవడానికి కావాలనే ఆలస్యం చేశాను. ఎవరూ రాలేదు.

వచ్చిన గట్టు మీదే ఒక్కదాన్నీ వెనక్కి నడిచి, రేవు మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పాను. ఏడుపొచ్చినా ఆకలి వేస్తుంది, ఏం చేస్తాం! పులిహోర బాగా కుదిరింది. అది కూడా ఏడిపించింది.

తింటుండగానే మా నలుగురి వాట్సాప్ గ్రూపులో తోటావిడ ఫోటో పెట్టింది. ఉసిరిచెట్టు కింద ముగ్గురూ చాప మీద కూర్చుని నవ్వుతున్నారు. కింద "ప్రతి ఏడాదిలాగే" అని రాసింది. ఫోటో పెద్దది చేసి చూశాను. చాప మీద నా చోటైనా ఖాళీగా ఉంటుందనుకున్నాను. ముగ్గురూ దగ్గరికి జరిగి కూర్చున్నారు.