బతికుండగా కోసిన తాడు

మా మెర్దాన్ కొండ కింద హోటల్ కట్టినప్పటి నుంచి దాని హాల్లో నెజ్మియే ఫోటో వేలాడుతోంది. తలకు పూల రుమాలు, కాళ్లకు రబ్బరు బూట్లు, చేతిలో తాడు, కాళ్ల కింద చెక్క. ఫోటో కింద పెద్ద అక్షరాలు: మోకాళ్లకు బలం, గుండెకు మేలు, కమ్మని నిద్ర, మనసుకు శాంతి. అటు వెళ్లినప్పుడల్లా అది చదివి నాకు ఒళ్లు మండుతుంది. ఆ రాతలో అబద్ధం ఒక్కటీ లేదు, అందుకే ఇంకా ఎక్కువ మండుతుంది.

నెజ్మియే మా పక్కింటి మనిషి. ఎండాకాలమంతా వీపున బుట్ట కట్టుకుని తేయాకు మోసేది. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. మొగుడు ఇల్యాస్ నెమ్మదస్తుడు. వాళ్లకు పిల్లల్లేరు. ఇల్యాస్ తమ్ముడు రిద్వాన్‌ని అత్తగారు పోయాక నెజ్మియేనే పెంచింది. వాడికి అన్నం పెట్టింది, జోరీగలా చెవి దగ్గర గోల పెట్టి బడికి పంపింది, జారుడుచెక్క మీద నిలబడడమూ నేర్పింది.

చలికాలం వచ్చి మంచు పడిందంటే మా ఊళ్లో ఆడా మగా, ముసలీ ముతకా అందరూ చెక్క ఎక్కేవాళ్లే. తాతల నాటి నుంచీ అంతే. మాను కోసి, ముక్కు పైకి వంచి, అడుగున తేనెమైనం రుద్ది, ముందు ఒక తాడు కడతాం. ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో కర్ర. కాళ్లకు కట్లేమీ ఉండవు. కొండ మీదికి నడిచే ఎక్కాలి, జారుతూ దిగాలి. పట్నం వాళ్లు ఇప్పుడు దీన్నే స్నోబోర్డింగ్ అని పేరు పెట్టి మాకే చెబుతున్నారు.

మనిషి పోతే, పాతిపెట్టి వచ్చాక, దగ్గరి మగవాడు ఆ మనిషి చెక్కకున్న తాడు కోసేస్తాడు. చెక్కని గాదె గోడకి వేలాడదీస్తారు. ఇక దాన్ని ఎవరూ ముట్టరు. ఇల్యాస్ ఎక్కిన లారీ లోయలో పడి అతను పోయిన ఏడాది, అతని చెక్క తాడు కోసింది రిద్వాన్. ఏడుస్తూ కోశాడు పాపం. నేను అక్కడే ఉన్నాను.

ఆ తర్వాత నెజ్మియే మనిషి కాకుండా పోయింది. పొయ్యి ముందు కూర్చుంటే కూర్చున్నట్టే. ఆకుకూర వండితే మాడిపోయేది, మొక్కజొన్న రొట్టె చేస్తే పచ్చిగా ఉండేది. నిద్ర లేదు. రిజే పట్నం ఆసుపత్రిలో మాత్రలిస్తే, అవి మింగి గోడకేసి చూస్తూ ఉండేది. తేయాకు మోసిన మోకాళ్లు కూడా పట్టేశాయి. ఊరంతా ఆమె మీద ఆశ వదిలేసుకుంది.

ఒక పొద్దున మంచు ఆగి ఎండ కాసింది. చూద్దును కదా, నెజ్మియే గాదె ఎక్కి ఇల్యాస్ చెక్క దింపుతోంది! తన తేయాకు బుట్ట తాడు విప్పి, ముడులు తీసి, మళ్లీ పేని, దానికి కట్టింది.

"ఏమే, మతి పోయిందా? చచ్చినవాడి చెక్క!" అన్నాను.

"చచ్చినవాడు ఎక్కడం లేదుగా హెదియే, నేను ఎక్కుతున్నా" అంది.

ఊరు ఆడిపోసుకుంది. చచ్చినవాడిని నిద్ర లేపుతోందన్నారు, అరిష్టమన్నారు, మొగుడు పోయినదానికి ఈ కులుకేమిటన్నారు. ఆమె పట్టించుకోలేదు. మొదట్లో సగం కొండ ఎక్కేసరికే ఆయాసపడి కూలబడేది. పడేది, లేచేది, తనని తానే బూతులు తిట్టుకునేది. ఆ తిట్లు వినపడ్డాక నాకు ప్రాణం లేచొచ్చింది. పోయిందనుకున్న నోరు తిరిగొచ్చింది మరి. చలికాలం ముగిసేసరికి మోకాళ్ల పట్టు వదిలింది, ఆకలి పుట్టింది, మాత్రల సీసా అటకెక్కింది. మా గోడ ఇవతలికి ఆమె గురక వినపడేది.

"ఎలా ఉంటుందే?" అని ఒకసారి అడిగాను.

"ఎక్కేటప్పుడు ఊపిరి తప్ప ఇంకేం ఉండదు. దిగేటప్పుడు కాళ్లు తప్ప ఇంకేం ఉండదు. ఇల్యాస్ ఆ కాసేపూ గుర్తుకు రాడు. కిందికొచ్చాక వస్తాడు. కానీ నవ్వుతూ వస్తాడు. అంతకు ముందు రక్తంతో వచ్చేవాడు" అంది.

ఆ మాటే ఎవరో మోసుకెళ్లి, కొండ కింద హోటల్ కట్టాలని చూస్తున్న కంపెనీవాళ్ల చెవిన వేసినట్టున్నారు. వాళ్ల తరఫున ఒక డాక్టరమ్మ వచ్చింది. నెజ్మియే నాడి చూసింది, ఒంటికాలి మీద నిలబెట్టింది, నిద్ర గురించి అడిగింది, నోరు తెరుచుకుని రాసుకుంది. ఫోటో తీశారు. మరుసటి ఏడు కొండకు కంచె పడింది, పైకి ఎక్కడానికి యంత్రం వచ్చింది, మంచులో మనసు బాగుచేస్తామని బోర్డు వెలిసింది. రిద్వాన్‌కు కొండ మీద మేనేజరు ఉద్యోగం దొరికింది. ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ ఒకరు అక్కడ పనికి కుదిరారు. నెజ్మియేకి దొరికింది హోటల్ గోడ మీది మేకు.

అయినా ఆమె గొడవపడలేదు. అతిథులు లేవకముందే, పొద్దున్నే, కంచె సందులోంచి దూరి తన జారుడు తను జారుకునేది. ఒకరోజు పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు కిటికీలోంచి చూశాడు. నాకూ అలాంటిదే కావాలి, కట్లూ వద్దు, టోపీ వద్దు అని పనివాళ్లలో ఒకరి చెక్క లాక్కుని ఎక్కాడు. చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కేసు వేస్తానన్నాడు. తాళ్ల చెక్కలు కొండ మీద కనపడకూడదని కంపెనీ హుకుం జారీ చేసింది.

రిద్వాన్ వచ్చి బతిమాలాడు. "వదినా, ఇక మానెయ్. కావాలంటే హోటల్ చెక్క ఇప్పిస్తా, మధ్యాహ్నం పిల్లల దిబ్బ మీద జారుకో."

"పిల్లల దిబ్బా? నీ ముడ్డి కడిగిన చేతులురా ఇవి. నన్ను దిబ్బ మీద ఆడుకోమంటావా?"

"ఇన్సూరెన్సు ఒప్పుకోదు వదినా."

"నా పేరు చెప్పుకుని వ్యాపారం చెయ్యడానికి ఒప్పుకుందా?"

మర్నాడు ఆమె మళ్లీ వెళ్లింది. దిగి వచ్చి, చెక్కని గోడకు ఆనించి, టీ పెట్టుకోవడానికి లోపలికి పోయింది. వెనకే రిద్వాన్ వచ్చాడు. జేబులోంచి చాకు తీసి తాడు కోసేశాడు. బతికున్న మనిషి తాడు కోయడం మా కొండల్లో ఎవరూ కనీ వినీ ఎరగరు.

నెజ్మియే గుమ్మంలో నిలబడి చూసింది. వాడు తల వంచుకునే అన్నాడు: "ఇది అన్నయ్య చెక్క. అప్పుడు కోసిందే మళ్లీ కోశాను."

"అన్నయ్య తాడు అప్పుడే పోయింది. ఇది నా బుట్ట తాడు. నేను పేనింది."

వాడు కొండ దారి పట్టాడు.

నేను కడతానన్నాను. ఆమె వద్దంది. "కోసినవాడే కట్టాలి. నువ్వు కడితే రేపు మళ్లీ కోస్తాడు."

ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లోంచి వెన్నలో పిండి వేగుతున్న వాసన వచ్చింది. చావు జరిగిన ఇంట్లో తప్ప మేం అంత హల్వా చెయ్యం. పళ్లెం పట్టుకుని గడపగడపకూ వెళ్లింది.

"ఎవరు పోయారు?" అని కంగారుగా అడిగారు.

"నేనే. మా మరిది తాడు కోశాడు. తినండి."

కొందరు నవ్వబోయి ఆగిపోయారు. కొందరు తీసుకుని తలుపు వేసుకున్నారు. తాడు కట్టించమని రిద్వాన్‌తో ఒక్క మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరి పిల్లలూ వాడి కిందే పని చేస్తున్నారు మరి. చివరికి వాడి గుమ్మం ముందే పళ్లెం దించింది, పక్కన తాడు ముక్కలు పెట్టింది. నేను వెనకే ఉన్నాను.

"ఒక ముడి వెయ్యరా. ఎక్కనివ్వకపోయినా సరే. ఊరికే ముడి వెయ్" అంది. ఆమె ఎవరినైనా బతిమాలడం నేను అదొక్కసారే చూశాను.

వాడి చెయ్యి తాడు దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది.

"ఎవరైనా చూస్తే నా ఉద్యోగం పోతుంది వదినా."

"నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే. పోయేది వదినే."

పళ్లెం అక్కడే వదిలేసి వచ్చాం, మర్నాడు అది ఖాళీగా తిరిగొచ్చింది. ఆమె చెక్కని గాదె గోడకి తనే వేలాడదీసి, ఆ తర్వాత కొండ వైపు చూడలేదు. మోకాళ్లు మళ్లీ పట్టేశాయి. గురక ఆగింది. మాత్రల సీసా అటక దిగింది. పొయ్యి ముందు కూర్చుంటే కూర్చున్నట్టే. డాక్టరమ్మ మళ్లీ ఇటు తొంగి చూడలేదు. ఫోటోలో మాత్రం నెజ్మియే జారుతూనే ఉంది, పట్నం వాళ్లు ఆమె పక్కన నిలబడి ఫోటోలు దిగుతూనే ఉన్నారు.

పోయిన చలికాలం, మంచు బాగా పడ్డ రోజుల్లో, నిజంగానే పోయింది. పాతిపెట్టి వచ్చాం. ఆనవాయితీ ప్రకారం రిద్వాన్ చాకు తీసుకుని గాదె దగ్గరికి వచ్చాడు. చెక్క గోడకి వేలాడుతోంది. ముందు భాగాన రెండు ఉత్త కన్నాలు. వాడు వాటిని వేలితో తడిమాడు, నా వంక చూశాడు.

"తాడేది హెదియే అక్కా?" అన్నాడు.

"హల్వా కూడా తిన్నావు కదరా" అన్నాను.

చాకు మడిచి జేబులో వేసుకున్నాడు. హోటల్‌కు కొత్త అతిథులు వచ్చే వేళయిందని కిందికి దిగిపోయాడు.