స్టీరింగు బిగిసింది, బిందెలు నలిగినాయి

మొన్న మా వాషర్‌మెన్‌పేట వీధిలో ఆడోళ్ళంతా చేరి నా చేతిలోంచి లారీ తాళం పెరుక్కున్నారు. నవ్వబాకండి! మొదట్నించీ వింటే మెకానిక్ మీద నా అనుమానంలో తప్పేం లేదని మీరే అంటారు.

లారీ మా మేనమామది. మాధవరం పాల కాలనీకి పశువుల గడ్డి తోలేది. డ్రైవరు నేనే. స్టీరింగు ఎంత వదులంటే, పావు చుట్టు ఊరికే తిరిగేది, చక్రాలకు ఆ సంగతే తెలీదు! రోడ్డు తిన్నగా ఉన్నా నేను కుడికీ ఎడమకీ ఊపతానే ఉండాల. మామ కూతురు వసంత ఇంటి ముందర తిన్నె మీద నిలబడి నవ్వేది. నా స్టైలు చూసే నవ్వతా ఉందని నేను మేఘాల్లో తేలిపోయేవాణ్ణి.

ఒక దినం మామ పిలిచె. "ఒరే అబ్బయా, స్టీరింగు షాఫ్టుకు జాయింట్లు అరిగిపోయినాయి. మార్పించుకోని రా. బండి ఒళ్ళు చెడకుండా ఇల్లు చేర్చినావంటే, వసంత సంగతి మీ అమ్మతో మాట్లాడతా."

అంతే! ఆ నిమిషం నుంచీ లోకమంతా నా పెండ్లి చెడగొట్టేదానికే కాచుకోని ఉన్నట్టు అనిపించె. దానికి తోడు టీకొట్లో ఎవరో అన్నారు, "పాత జాయింటుకే పాలిష్ పెట్టి కొత్తదని బిగిస్తారప్పా" అని.

మెకానిక్ ముత్తు అణ్ణ షెడ్డులో టైరు మీద కూర్చోని రెప్ప వాల్చకుండా చూసినా. కొత్త జాయింట్లు డబ్బాలోంచి తీస్తానే, ఇంట్లోంచి పొట్లం కట్టి తెచ్చిన కుంకుమతో వాటికి బొట్లు పెట్టినా. మార్చేస్తే పట్టుకోవచ్చు గదా!

"ఏంది తంబీ, పెండ్లికూతుర్ని చేస్తా ఉండావా?" అనె ముత్తు అణ్ణ. ఆయన తమిళం, నా తెలుగు, కలిపి ఎట్లో నెట్టుకొస్తాం.

"పూజ అణ్ణా."

"పూజంటే దేవుణ్ణి చూడాల. నువ్వు నన్నే చూస్తా ఉండావే!"

పాత జాయింట్లు ఊడదీసి కింద పెడితే వాటిని గూడా ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నా. వసంత కోసం తొడిగిన తెల్లచొక్కా గ్రీజు పాలాయె.

పని అయినాక ఆయన స్టీరింగు ఇట్లా తిప్పతానే చక్రాలు అట్లా కదిలినాయి. రవ్వంత వదులు లేదు.

"తంబీ, నేరుగా ఇంటికి పోబాక. ఖాళీ గ్రౌండులో కొంచేపు తోలు. చెయ్యి అలవాటు పడాల."

ఆహా, దొరికినాడు! బండి బాగుంటే గ్రౌండెందుకు? నేను ఆడ తిరగతా ఉంటే ఈయన ఈడ షెడ్డు మూసేసి జారుకుంటాడు! "సరే అణ్ణా" అని తల ఊపి, నేరుగా ఇంటి దోవ పట్టినా.

మెయిన్ రోడ్డెక్కినానో లేదో, బండి తాగినోడి మాదిరి ఊగె! సైకిలాయన ఒకడు దూకి పేవ్‌మెంటెక్కి తిట్టె. చూస్తిరా, మోసం! పండ్లు కొరుక్కుంటా మెల్లిగా మా వీధి మొదలుకు వచ్చినా.

ఆడ నీళ్ళ లారీ కోసం ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి, ఆడోళ్ళు అవతల నీడలో మాట్లాడుకుంటా ఉండారు. తిన్నె మీద వసంత! జుట్టు సర్దుకోని, వీధిలోకి మళ్ళేదానికి అలవాటుకొద్దీ పావు చుట్టు ముందే తిప్పేసినా. ఇన్నాళ్ళూ గాలికి పోయిన పావు చుట్టు ఆ దినం గాలికి పోలా. నేరుగా చక్రాలకు పోయె!

పట్! పట్! పటపటా!

ఎర్ర బిందె, నీలం బిందె, చివర్న మా అత్త పచ్చ బిందె. అన్నీ అప్పడాలు! మనిషికెవరికీ దెబ్బ తగల్లా, అదొక్కటే దేవుడి దయ.

"కండ్లు నెత్తికెక్కినాయా?" "దిగరా కిందికి!" అని చుట్టుముట్టినారు.

"మెకానిక్ మోసం అక్కా! పాత జాయింటు! ఇప్పుడే చూపిస్తా ఉండండి!" అని బండి కిందికి దూరినా. రెండు జాయింట్లూ కుంకుమ బొట్లతో ముత్తైదువల మాదిరి మెరస్తా ఉండాయి. బయటికి వచ్చేదానికే మొహం చెల్లలా.

అప్పుడే తాళం పోయింది.

మామ వచ్చి అంతా విని, ఆడోళ్ళకు కొత్త బిందెలు తెచ్చిస్తానని చెప్పి తాళం తీసుకునె. నన్నూ వసంతనూ ఎక్కించుకోని మాధవరం పక్క ఖాళీ గ్రౌండుకు తోలె. దారిపొడుగునా బండి దారం పట్టినట్టు పోయె.

"తప్పు బండిదో చెయ్యిదో తేలిపోవాల. వసంతా, నువ్వు కూర్చో. నీ చేతికి పాత అలవాటు లేదు" అనె మామ.

మోపెడ్ తప్ప ఏదీ తోలని పిల్ల! మామ పక్కన కూర్చోని గేరు చెప్పె. లారీ గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసినట్టు పోయె.

ఆ కొసలో నన్ను కిందికి దింపి, మామ పెద్దగా నవ్వె. "మీ అమ్మతో మాట్లాడతాలేరా. జాయింట్లకే బొట్లు పెట్టి ఇంత కాపలా కాసినావంటే పిల్లను బాగానే చూసుకుంటావు. తాళం మాత్రం నీకియ్యను."

నా గుండె గాల్లో తేలె. అంతలో వసంత తల బయటపెట్టి, "బావా, అట్లా కలలు కంటా నిలబడినావే? వెనక్కి పోయి తట్టు, రివర్సు తీయాల" అనె.

పరిగెత్తి పోయి లారీ వెనక తట్టతా, "రైట్... రైట్... వచ్చె, వచ్చె!" అని గొంతు చించుకున్నా.

వసంత బండి ఆపె. దిగె. చుట్టూ తిరిగి వెనక్కొచ్చి, ఏమైనా అడ్డం ఉండాదేమోనని తానే ఒకసారి చూసుకోని, మళ్ళీ పోయి ఎక్కె.