రబ్బరు ముక్క కింద

రాయచూరులో పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండులో క్లారినెట్ నేర్చుకోవడానికి చేరిన మొదటి నెల నుంచే మా ఉస్తాద్‌ను నేను అనుమానించాను. క్లారినెట్ నోట్లో పెట్టుకునే ముందు ఆయన ప్రతిసారీ గోడవైపు తిరిగి, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. ఇటు తిరిగేసరికి వాయిస్తూ ఉండేవాడు.

"పై పండ్లు దీని మూతి మీద ఆనియ్యి తమ్మీ. కింది పెదవి లోపలికి మడువు. గడ్డం ముడువకు," అంటూ వేలితో నా క్లారినెట్‌ను మోకాళ్ళవైపు దించేవాడు. అలా పట్టుకుంటే నాకు కీచు అరుపులే వచ్చేవి. ఆయన మాత్రం రెండు పెదవులూ లోపలికి మడిచి వాయించేవాడు. పైగా తన క్లారినెట్ మూతికి సైకిల్ ట్యూబు ముక్క ఒకటి అంటించుకున్నాడు. రైస్ మిల్లు పని మానుకుని వచ్చినవాణ్ణి నేను. అసలు విద్య దాచుకుని నాకు తప్పుడుది అంటగడుతున్నాడని తేల్చేసుకున్నాను.

దేవసూగూరు పెళ్ళిలో ఆయన మజ్జిగ తాగడానికి వెళ్ళినప్పుడు ఆ రబ్బరు ఊడబీకాను. దాని కింద రెండు పంటి గాట్లు, గోరు దిగేంత లోతున ఉన్నాయి. సరిగ్గా నన్ను పళ్ళు ఆనించమన్న చోటే.

"ఏంది తమ్మీ, దొరికిందా?"

ఉస్తాద్ నా వెనకే నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు. ఈసారి తువ్వాలు అడ్డం పెట్టుకోకుండానే పైవరుస కట్టుడు పళ్ళు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఊదితే ఇవి నిలవవు," అన్నాడు బోసినోటితో. "పండ్లున్నప్పటి వాయింపు నీకు నేర్పుతున్న. లేనప్పటిది నీకు ఇప్పుడే ఎందుకు?"