కొండవాలు మీద లేదని రాసిన ఆర్కిడ్

పన్నెండేళ్లుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను. ఇప్పటికీ ఫోను మోగితే తీయడానికి వెనకాడతాను. అప్పటి మా ఆఫీసరు మేడమేమో, తెలిసిపోయిందేమో అని.

అప్పట్లో నేను అరుదైన మొక్కల సర్వేలో చిన్న ఉద్యోగిని. అభయారణ్యం పక్కనున్న ఒక కొండవాలును అందులో కలపాలా వద్దా అన్నది మా రిజిస్టర్ మీద ఆధారపడి ఉంది. చెట్టుకొమ్మలకు అతుక్కుని పెరిగే ఒక ఆర్కిడ్ అక్కడ ఉందని తేలితే చాలు. దాన్ని తెంపితే నేరం. ఆ సంగతి ఊరూరా తిరిగి చెప్పినదాన్ని నేనే.

తెంపాను. ఎందుకు? లేత ఊదా పూలు చూసి చేయి దానంతటదే వెళ్లిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అటూ ఇటూ చూసి మరీ తెంపాను. టిఫిన్ డబ్బాలో దాచి మెట్టుగూడ తెచ్చి, మా బాల్కనీలో కొబ్బరిపీచుకు కట్టాను.

"ఉంది" అని రాస్తే, నిర్ధారించుకోవడానికి ఇంకో బృందం వెళ్లి కొమ్మకొమ్మా ఫొటో తీస్తుంది. నేను వేళ్లు పీకిన పచ్చి గుర్తు కనబడుతుంది. "లేదు" అని రాస్తే ఎవరూ వెళ్లరు. భయపడి "లేదు" అని రాశాను.

సికింద్రాబాద్ ఆఫీసులో మేడం రిజిస్టర్ మీద పెన్ను ఆనించి ఆగారు.

"వాలంత తిరిగినవా? ఒక్కటి సుత లేదా?"

"లేదు మేడం."

"జెర యాద్ చేస్కో అమ్మా. నీ మాట మీదనే సంతకం పెడ్తున్న."

"లేదు మేడం," అన్నాను మళ్లీ.

వాలు అభయారణ్యంలో కలవలేదు. రెండేళ్లకు అక్కడ రాళ్ల క్వారీ పడింది. చెట్లన్నీ కొట్టేశారు. నా బాల్కనీలోని మొక్క అప్పటికే, మొదటి ఎండాకాలంలోనే, మాడిపోయింది.

మేడం రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్నారు. మొన్న వెళ్తే ఆ వాలునే తలుచుకున్నారు. తాను స్వయంగా ఒకసారి వెళ్లి చూసి ఉండాల్సిందని, తప్పు తనదేనని కళ్లు తుడుచుకున్నారు. నేను టీ తాగుతూ విన్నాను. ఇంకో కప్పు ఇస్తే అదీ తాగాను. ఏం మనిషిని నేను?

చెబితే కేసు అవుతుందా, ఉద్యోగం పోతుందా అని ఇన్నేళ్లూ లెక్కలు వేసుకున్నాను. నిజానికి నాకు భయం ఆమె ముఖం చూడాలంటేనే. ఈ కాగితం ఆమెకు పంపుతానో లేదో తెలియదు. మీకైనా ఉన్నదున్నట్టు చెప్పనివ్వండి.

ఆ వాలు మీద ఉన్నది ఒక్క మొక్క కాదు. నేను తెంపింది పోగా ఆ రోజు ఇంకా పది ఉన్నాయి. లెక్కపెట్టాను. అన్నీ పూత మీదున్నాయి.