మూడు కోర్లు ఖాళీగా ఉన్న రోజు

మా ల్యాబ్ మాస్టారు పోయారని మొన్న మంగళవారం ఉదయం ఫోన్ వచ్చింది. సాయంత్రానికల్లా రాజమండ్రి దగ్గర మేం చదివిన ఇంజనీరింగ్ కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టేశారు, "నిరంతర సేవకుడికి అశ్రు నివాళి" అని. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సేవకుడిని ల్యాబ్‌లోంచి వెళ్లగొట్టింది ఆ గేటు లోపలివాళ్లే కదా!

మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చునేముందు జేబురుమాలు మడిచి కీబోర్డు తుడిచేవారు. మమ్మల్ని కూడా "అండి" అనే పిలిచేవారు. ఎవరైనా "హ్యాంగయిపోయింది సార్" అంటే ఒప్పుకునేవారు కాదు. "అది జబ్బు పేరు కాదండి. లోపల ఎవరికి వంతు వస్తోంది, ఎవరికి రావట్లేదు? చూసి చెప్పండి" అనేవారు. నాలుగు కుర్చీలు వేసి, ఇవే ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లు, పని జరిగే చోట్లు అనేవారు. మేమంతా పనులం. కాసేపు కూర్చుని, లేచి, వెనకవాళ్లకు చోటివ్వాలి. ఆ కుర్చీలు పంచడమే ఆపరేటింగ్ సిస్టమ్ ఉద్యోగమని అలా నేర్పారు.

మూడో ఏడాది ల్యాబ్ పరీక్షకు కాలేజీ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. మేం కాపీ కొట్టకుండా అది మా స్క్రీన్లను రికార్డు చేస్తుంటుంది. ఆ రోజు మా ప్రోగ్రాములు కదల్లేదు. రన్ నొక్కి నిమిషాల తరబడి గుడ్లప్పగించి చూశాం. టైమైపోయింది. క్లాసులో సగంమంది ఫెయిల్, నాతో సహా.

మండపేట రైసుమిల్లులో ఆ పూట పని మానుకుని మా నాన్న కాలేజీకి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు ఒక కంప్యూటర్‌లో ఆ పరీక్షనే నడిపించి గ్రాఫు చూపించారు. ప్రాసెసర్ వాడకం నూటికి ఇరవై అయిదు వంతులే. "డెబ్బై అయిదు ఖాళీగా ఉంటే తప్పు మెషీన్‌దెలా అవుతుందండి? మీ అమ్మాయికే ప్రోగ్రాం రాయడం రాదు" అన్నారు. నాన్న చేతులు కట్టుకుని "సర్లెండి" అన్నాడు. ఆ "సర్లెండి" నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

మాస్టారు రెండు రోజులు ఆ కంప్యూటర్ల ముందే కూర్చున్నారు. ఆయన చేసింది చిన్న పని. మొత్తానికి కలిపి చూపించే ఒక్క గ్రాఫును ఒక్కో కోర్‌కు ఒకటి చొప్పున నాలుగు చేశారు. మొదటిది నిండుగా పైకి అంటుకుని ఉంది. మిగతా మూడూ అడుగున పడుకున్నాయి. పరీక్ష సాఫ్ట్‌వేర్ తనను తాను మొదటి కోర్‌కే కట్టేసుకుని, దాని కింద తెరిచిన మా ప్రోగ్రాములను కూడా అక్కడికే లాగింది. అక్కడేమో రికార్డింగుకే పెద్దపీట. పక్కన మూడు కోర్లు ఖాళీగా ఉండగా మేం దాని వెనకే పడిగాపులు పడ్డాం. నాలుగింటినీ కలిపి సగటు చూసినవాళ్లకు అంతా తీరిగ్గా కనిపించింది.

"సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లకన్నా మీకెక్కువ తెలుసాండీ మాస్టారూ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"తెలీదండి. చూశానండి. మీరూ వచ్చి చూడండి."

ఆయన రాలేదు. మాస్టారు రిపోర్టు రాసిచ్చారు. ఏదో "సర్వర్ సమస్య" అని కాలేజీవాళ్లు నోటీసు అంటించి, లోపం సరిచేయించి మళ్లీ పరీక్ష పెట్టారు. మేం పాసయ్యాం. నెల తిరక్కుండా మాస్టారిని కాలేజీ బస్సులు చూసుకోమన్నారు. ఇదేంటని ఒక్కరం కూడా అడగలేదు. మా సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరున్నాయని నోరు మూసుకున్నాం. ఫ్లెక్సీ మీద నాకొచ్చిన కోపంలో సగం నా మీదే.

తర్వాత ఒకసారి బస్సుల దగ్గర కలిశారు. "ఇక్కడా అంతేనండి. మూడు బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయి, ఒకదాంట్లో పిల్లలు వేలాడుతున్నారు. రాసిచ్చాను" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అంత్యక్రియలయ్యాక సమాధుల తోట నుంచి వాళ్లింటికి వెళితే మాస్టారి భార్య ఒక ఫైలు నా చేతిలో పెట్టారు. "మీ పరీక్ష కాయితాలంటమ్మా. పారేయనిచ్చేవారు కాదు" అన్నారు. ఆ రిపోర్టు నకలే అది. చివరి పేజీలో ఫెయిలైనవాళ్లందరి హాల్‌టికెట్ నంబర్లూ పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. నాలుగు కోర్లూ వాడుకోనిచ్చి, మా ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే మళ్లీ నడిపి చూశారాయన. చాలా నంబర్ల పక్కన "సరిగ్గా ఉంది" అని రాశారు. నా ప్రోగ్రాంలో తప్పే లేదని ఇన్నేళ్లూ నాన్నతో వాదిస్తూనే ఉన్నాను. నా నంబరు వెతుక్కున్నాను. దాని పక్కన ఇలా ఉంది: "ఒక తప్పు ఉంది. రన్ అయ్యుంటే ఈ అమ్మాయికే కనిపించేది. దిద్దుకునే అవకాశం మనం ఇవ్వలేదు."