ప్రెసిడెంటు జలుబు మీద విచారణ

1978 జూన్ నెలలో నన్ను తిరువళ్లూరులో ఒక ప్రభుత్వ ప్రచార విభాగంలో మహిళా ప్రచారకురాలిగా వేశారు. శాఖ పేరు చెప్పను. అది ఇప్పటికీ ఉంది, నాకు పింఛను ఇస్తోంది. పనేమో తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ఊళ్ళలో. ఆ ఊళ్ళలో తెలుగూ అరవమూ కలిసి నడుస్తాయి. మాది పొదటూరుపేటలో చేనేత కుటుంబం కాబట్టి నాకు రెండూ వచ్చు. నన్ను తీసుకోవడానికి అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఉద్యోగం తాత్కాలికం. ఆఫీసు భాషలో దాన్ని 'టెన్ ఏ వన్' అనేవారు, అంటే కారణం చెప్పకుండా ఏ రోజైనా ఇంటికి పంపవచ్చు. పంపితే నాకు మిగిలేది మా నాయన మగ్గం గుంట. చిన్నప్పటి నుంచి అందులో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నదాన్ని, మళ్ళీ అందులోకి దిగాలన్న కోరిక నాకు ఏ కోశానా లేదు.

మా బృందానికి ఒక వ్యాను, ఒక ప్రొజెక్టరు, ఒక తెర. ఆపరేటర్ దామోదరం హోదాలో నాకంటే ఒక మెట్టు పైన, డ్రైవరు ఒక మెట్టు కింద. ఊళ్ళో భోజనం ఎవరింట్లో అన్నది మాత్రం డ్రైవరే తేల్చేవాడు. దీపాలు పెట్టే వేళకు తెర కట్టి ఆరోగ్యం మీద సినిమాలు వేసేవాళ్ళం. ప్రొజెక్టరు ఒక్కటే కావడంతో రీలు అయిపోగానే లైటు వేసి, ఇంకో రీలు ఎక్కించాలి. ఆ సందును మా నిబంధనల పుస్తకం 'విరామం' అంది. జనం దాన్ని ఇంటికి పోయే వేళ అనుకునేవారు. ఆ సందులో గర్భిణీ స్త్రీల రక్తహీనత గురించి, ఇనుము మాత్రల గురించి ఉపన్యసించడం నా విధి. ఉపన్యాసం మద్రాసులో ఎవరో రాసి పంపేవారు. అది వింటే ఉన్న రక్తం కూడా పలచబడేలా ఉండేది.

జనాన్ని ఆపడానికి శాఖ ఇంకో ఏర్పాటు చేసింది. మా వైపు వీధినాటకాల్లో రాజు కంటే ముందు బఫూన్ రంగం మీదికి వస్తాడు. అలాంటి కళాకారుల జాబితా ఒకటి ఆఫీసులో ఉండేది. అందులో ఆ పద్దు 'బఫూన్ (పురుషుడు)' అనే ఉండేది, వేరే మాట లేదు. మాకు వచ్చే బఫూన్ గోవిందస్వామి చీర కట్టుకుని, లోపల దిండు దోపుకుని, నిండు చూలాలి నడక నడిచేవాడు. నడుం పట్టుకుని మూలిగేవాడు. మగవాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవారు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసేవారు. ఆ తర్వాత అదే ఆడవాళ్ళ ముందు నిలబడి, కాన్పు ఎంత ప్రమాదమో నేను చెప్పాలి. ఆడవాళ్ళ మీద నవ్వించే పని మగవాడికి, భయపెట్టే పని ఆడదానికి అని శాఖ సక్రమంగా పంచిపెట్టింది.

మా సహాయ అధికారి మద్రాసు మనిషి, తెలుగు రాదు, మర్యాద మాత్రం బాగా తెలుసు. ఊళ్ళలో మగవాళ్ళందరినీ నేను 'అన్నా' అనే పిలవాలని నోటిమాటగా ఉత్తర్వు ఇచ్చారు. మామ, బావ వంటి పిలుపులు మహిళా ఉద్యోగి నోట వస్తే శాఖకు తలవంపులట. సరేనన్నాను. పింఛను లేని ఉద్యోగి ఉత్తర్వును ప్రశ్నించదు.

ఆ ఏడు ఆడికృత్తిక పండుగకు గోవిందస్వామి చెప్పాపెట్టకుండా తిరుత్తణి కొండ కింద నాటకానికి వెళ్ళిపోయాడు. కావళ్ళు మోసుకొచ్చే జనం అంతమంది ఉంటే వాడు మా రక్తహీనతకు ఎందుకు వస్తాడు? మేం మాత్రం పళ్ళిపట్టు దగ్గర ఒక చెరకు ఊరికి వెళ్ళాం. పద్ధతి ప్రకారం ముందు పంచాయతీ ప్రెసిడెంటు ఇంటికి పోవాలి. పోయాం. ఆయనకు జలుబు. తలకు తువ్వాలు చుట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, లోకాన్ని వదిలిపోతున్నవాడిలా చూశాడు. వాళ్ళమ్మ పక్కన కూర్చుని వీపు రాస్తోంది. పాలిపోయిన ముఖంతో ఆయన భార్య కషాయం, వేన్నీళ్ళు, ఉతికిన తువ్వాలు ఒకదాని వెనక ఒకటి తెస్తోంది. నేను 'అన్నా' అని పిలిచాను. ఆయనకు తోడబుట్టిన ఆడవాళ్ళు లేరట, పొంగిపోయాడు. భార్య పళ్ళెంలో పసుపు కుంకుమ, ఆకువక్క, ఒక రవికగుడ్డ పెట్టి నాకిచ్చింది. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డకు ఇచ్చే పళ్ళెం అది. తెలిసే తీసుకున్నాను. మంచి రంగు.

మొదటి రీలు అయింది. రెండోది ఎక్కిస్తుండగా ఫిల్ము తెగింది. తెగిన చోట గీకి, జిగురు రాసి, అది పట్టేదాకా నొక్కి ఉంచాలి. దామోదరం వ్యానులోంచి తల బయటపెట్టి, ఎట్లనో జనాన్ని నిలబెట్టు సరోజా అని కేకేశాడు. జనం అప్పటికే లేచి చాపలు దులుపుతున్నారు. మైకు పట్టుకున్నాను. మద్రాసు ఉపన్యాసం కాగితం మడిచి నడుం దగ్గర దోపాను, చీరకు ఉన్న కొద్దిపాటి ఉపయోగాల్లో ఇదొకటి.

"మా అన్నకు జలుబు చేసింది," అన్నాను. "ఒక్క తుమ్ము. అంతే, ఇల్లంతా లేచింది. కషాయానికి ఒకరు, వేన్నీళ్ళకు ఒకరు, వీపు రాసేదానికి ఒకరు. అన్న కళ్ళు మూసుకోని, 'అమ్మా, పొలం పట్టా యాడ పెట్టినానో చెప్తా, గుర్తు పెట్టుకో' అన్నాడు."

చాపలు దులిపేవాళ్ళు ఆగారు. ఇక్కడ పని రహస్యం ఒకటి చెప్పాలి. ఆడవాళ్ళ వైపు నవ్వు రావాలంటే కోడళ్ళను చూసి మాట్లాడకూడదు. అత్తలు నవ్వితేనే కోడళ్ళకు నవ్వడానికి అనుమతి దొరుకుతుంది. అది నాకు ఆ క్షణంలో తెలిసింది. ముందు వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలమ్మల వైపు తిరిగాను.

"ఇంకో దినం వదినకు జొరమొచ్చింది. ఒళ్ళు కాలిపోతా ఉండాది. అన్న చెయ్యి పెట్టి చూసినాడు." ఇక్కడ కాస్త ఆగాను. "'జొరమేనే. పోనీలే, నువ్వెట్లా పొయ్యికాడనే ఉంటావు గదా, చలి తెలీదు' అన్నాడు."

ముసలమ్మలు నవ్వారు. ఆ వెనక కోడళ్ళు నవ్వారు, కొంగులు తీసేసి, పళ్ళు కనబడేలా. ఆడవాళ్ళ గుంపు గొంతెత్తి నవ్వితే ఎలా ఉంటుందో నేను అంతవరకూ పెళ్ళిళ్ళలో, తలుపులు మూసిన గదుల్లో తప్ప వినలేదు. నాకు ఒళ్ళు పులకరించింది. ఫిల్ము అతికిందని దామోదరం సైగ చేస్తున్నా మైకు వదలబుద్ధి కాలేదు. ఆట అయ్యాక మాత్రల కోసం ఆడవాళ్ళు వ్యాను చుట్టూ మూగారు. ఉపన్యాసం చదివిన ఏ ఊళ్ళోనూ అలా జరగలేదు. జలుబుతోనే ఆటకు వచ్చి కుర్చీలో కూర్చున్న ప్రెసిడెంటు తువ్వాలు సర్దుకుంటూ లేచి వెళ్ళిపోయిన సంగతి నేను గమనించనేలేదు.

తిరువళ్లూరు ఆఫీసుకు ప్రెసిడెంటు నుంచి నా మీద అర్జీ వచ్చింది. విచారణకు నన్నూ, ప్రెసిడెంటునూ పిలిచారు. గదిలో సహాయ అధికారి, సూపరింటెండెంటు, టైపు చేయడానికి స్టెనో, గుమ్మంలో బంట్రోతు. నేను తప్ప అందరూ మగవాళ్ళే. సదరు హాస్యాన్ని అన్నది అన్నట్టు మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. స్టెనో దాన్ని ఇంగ్లీషులో కొట్టాడు. తుమ్ము ఒకటా, అంతకంటే ఎక్కువా అని అధికారి అడిగారు. పొయ్యి కట్టెలదా, కిరసనాయిలుదా అని సూపరింటెండెంటు అడిగారు, రికార్డు కోసం. ఎవరూ నవ్వలేదు. బంట్రోతు ఒక్కడు దగ్గాడు, వాణ్ణి బయటికి పంపేశారు. నా జీవితంలో ఎన్నో రకాల జనం ముందు నిలబడ్డాను, అంత గట్టి జనం మళ్ళీ తగల్లేదు.

ప్రెసిడెంటు అధికారికి అరవంలో చెప్పుకుని, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "నవ్వించినదానికి నాకు కోపం లేదమ్మా. ఆ దిండు కట్టుకోనొచ్చేవాడు నన్ను ఇంతకన్నా తిట్టినాడు, నేనూ నవ్వినాను. నువ్వు అన్నా అంటివి. మా ఇంట్లో పసుపు కుంకుమ తీసుకుంటివి. అన్న ఇంటి గుట్టు ఏ ఆడబిడ్డయినా నలుగురిలో పెడతాదా?"

మా ఇళ్ళలో బావను ఎంతైనా ఏడిపించవచ్చు, ఏడిపించకపోతేనే తప్పు. అన్నను వదిన తరఫున ఎగతాళి చేసే ఆడబిడ్డ మాత్రం ఎక్కడా ఉండదు. శాఖకు తలవంపులు రాకూడదని పెట్టిన పిలుపే నన్ను ఇక్కడికి తెచ్చింది. అధికారితో ఆ మాట అనలేను. అదే ఊళ్ళో, రీళ్ళ మధ్య అదే సందులో, మైకులో అందరి ముందూ క్షమాపణ చెప్పాలని, లేకపోతే మరుసటి రోజు నుంచి రానక్కరలేదని తేల్చారు. బస్సులో ఇంటికి వస్తుంటే మగ్గం చప్పుడు చెవిలో వినబడుతూనే ఉంది. భయం వేసింది. భయం కంటే ఎక్కువగా ఉక్రోషం వచ్చింది. చెప్పమన్న క్షమాపణ నేను నవ్వించినందుకు. నేను చేసిన తప్పు అది కాదు.

రెండోసారి ఆ ఊరికి సహాయ అధికారి స్వయంగా వచ్చారు. జలుబు తగ్గిన ప్రెసిడెంటు ముందు కుర్చీలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. సంగతి తెలిసి చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. సినిమాకు ఎన్నడూ అంత జనం రాలేదు. గోవిందస్వామి కూడా వచ్చాడు, దిండు లేకుండా, చూసి పోదామని. మొదటి రీలు అయింది, లైటు వెలిగింది. ప్రెసిడెంటు ఇంట్లో ఇచ్చిన రవికగుడ్డనే కుట్టించి తొడుక్కుని నిలబడ్డాను.

"అన్నా అని పిలిచి ఎగతాళి చేసినాను," అన్నాను. "అది తప్పు. అందరి ముందరా ఒప్పుకుంటా ఉండాను. ఇంకెప్పుడూ అన్నను ఎగతాళి చెయ్యను." తెలుగు రాని అధికారి తల ఊపారు. "ఇంకమీద బావా అని పిలిచే చేస్తాను."

నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడు ముందు వరసలోంచి ప్రెసిడెంటు తల్లి గొంతు లేచింది, మైకు అవసరం లేని గొంతు.

"ఏమ్మే, ఆడబిడ్డవని రవికగుడ్డ పెడితిమి. మరదలయితే అది ఈడ పెట్టి, పొద్దున్నే వచ్చి పేడకళ్ళెత్తు. ఒక కోడలితోనే ఏగలేక చస్తా ఉంటే ఇంకొకటి వచ్చెనా!"

ఊరు ఘొల్లుమంది. నేను నోరు తెరిచి ఏదో అనబోయాను. ఈలోగా ఆమె వెనక నుంచి కోడలు, నేను ఒక్క మాట కూడా వినని ఆ పాలిపోయిన ముఖం మనిషి, కూర్చున్న చోటి నుంచే అంది.

"రానీ అత్తా. ఈయన జలుబుకు నేనొక్కదాన్ని చాలడం లేదు."

తర్వాత నవ్విన నవ్వును నేను వర్ణించలేను. మగవాళ్ళు కూడా నవ్వారు. బావ వరస కలిపాక నవ్వక తప్పదు, కోప్పడితే పరువు పోతుంది. ప్రెసిడెంటు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తువ్వాలు తీశాక, "సరేలే, రీలు ఎయ్యండి," అన్నాడు. జనం ఎందుకు నవ్వుతున్నారని సహాయ అధికారి దామోదరాన్ని అడిగారు. క్షమాపణ విని సంతోషించారు సార్ అని దామోదరం అరవంలో చెప్పాడు. ఫైలులో అలాగే రాశారు.

తర్వాతి ఏళ్ళలో నా ఉద్యోగం ఖాయమైంది. విరామంలో మాట్లాడే పని పూర్తిగా నాకే ఇచ్చారు. అందుకు ఇచ్చే భత్యం మాత్రం 'బఫూన్ (పురుషుడు)' పద్దు కిందే ఇచ్చేవారు. పద్దు పేరు మార్చడానికి మద్రాసు అనుమతి కావాలట. నేను రిటైరయ్యేదాకా అది రాలేదు.

మైకు ముందు నిలబడాలంటే ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలని ఈ కాలపు అమ్మాయిలు కొందరు నన్ను అడుగుతుంటారు. ఆ ఊళ్ళో నాకంటే బాగా నవ్వించినవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు, వాళ్ళకు ధైర్యం నేను ఇచ్చింది కాదు. సందు దొరకాలి, అంతే. ఇంకో సంగతి కూడా చెబుతాను. చెల్లెలా, మరదలా, కోడలా అని తేలితేగాని ఆడదాని మాటకు నవ్వాలో కోప్పడాలో ఊరికి తెలియదు. గోవిందస్వామి దిండు కట్టుకుని మా వైపు ఊళ్ళన్నీ తిరిగాడు. నువ్వు మాకేమవుతావని వాణ్ణి ఒక్కరూ అడగలేదు.